ప్రభుత్వ డీ-అడిక్షన్ కేంద్రంతో మా కుటుంబం గడిపిన సంవత్సరం

2025 జనవరి చివరి వారంలో మా తమ్ముణ్ని మద్యం మాన్పించే వైద్యం కోసం ఒక ప్రభుత్వాసుపత్రిలోని డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్పించాము. ఈ జనవరితో సంవత్సరం నిండింది. మొదటి పది రోజులు అక్కడి వార్డులో, మిగిలిన కాలమంతా ఇంటికీ ఆ కేంద్రానికీ మధ్య తిరుగుతూ గడిచాయి. ఈ సంవత్సరంలో ఆ సేవలు మమ్మల్ని ఎక్కడ ఆదుకున్నాయో, ఎక్కడ చేయి వదిలేశాయో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మా నెల్లూరు జిల్లాలో గానీ పక్కనున్న ప్రకాశంలో గానీ ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: అక్కడికి తీసుకెళితే మానతాడా? నా అనుభవంలో, మాన్పించడం అక్కడివారికి బాగా తెలుసు. మానినవాణ్ని ఏడాది పొడవునా నిలబెట్టే ఏర్పాటు మాత్రం ఇంకా సగంలోనే ఉంది. ఆసుపత్రి పేరు గానీ ఊరు గానీ రాయడం లేదు, మాతో పాటు ఆ వార్డులో ఉన్నవారిని ఎవరూ గుర్తుపట్టకూడదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. మా పుట్టిల్లు కలిగిరి వైపు. తమ్ముడు పొగాకు కౌలు రైతు. ఇంకొకరితో కలిసి ఒక బ్యారన్, అంటే పచ్చి పొగాకును మంట వేడితో ఆరబెట్టే గది, నడుపుతాడు. ఆ పని తెలిసినవారికి చెప్పనక్కర లేదు. బ్యారన్‌లో ఆకు నింపిన తరువాత అది పండి, ఎండి, ఈనె ఆరేదాకా రాత్రింబవళ్లు మంట దగ్గర మనిషి ఉండాలి. వేడి పెరిగినా తగ్గినా ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో ధర పోతుంది. ఆ రాత్రి కాపలాల్లోనే వాడికి తాగుడు అలవాటైంది. మొదట చలికని తాగాడు, తరువాత నిద్ర ఆపుకోవడానికని తాగాడు, కొన్నేళ్లకు తాగితే తప్ప నిద్ర పట్టని స్థితికి వచ్చాడు. చివరి రెండేళ్లలో పొద్దున పళ్లు తోముకోక ముందే చేతుల వణుకు ఆగడానికి తాగవలసి వచ్చేది.

అయినా అది జబ్బని మేమెవరమూ అనుకోలేదు. ఎందుకంటే ఏటా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండేవాడు. మాలలో ఉండగలిగినవాడు మామూలు రోజుల్లో ఎందుకు ఉండలేడు, బుద్ధి లేక గానీ అని మాకు మేమే తీర్పు చెప్పుకున్నాము. 2024లో మాల వేసుకున్న రెండో రోజు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి లేచి, తొట్టి దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అత్యవసర విభాగంలో చూసిన డాక్టరు చెప్పిన మాట విని మేము నివ్వెరపోయాము. రోజూ ఎక్కువ మోతాదులో తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల లోపల ఇలా ఫిట్స్ రావచ్చునట. ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం ఎన్నిసార్లు జరిగితే తరువాతి సారి వచ్చే బాధ అంత తీవ్రంగా ఉండవచ్చునట. దీక్షను తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఏటా మా ఊళ్లలో మాల వేసుకునేవారిలో రోజూ తాగే అలవాటున్నవారు ఎందరో ఉన్నారు. వారు మాల వేసుకోవడానికి కొన్ని రోజుల ముందే డాక్టరుకు చూపించుకుంటే ప్రాణాపాయం తప్పుతుందని తెలియడం కోసం రాస్తున్నాను.

ఇంకా ముందు మేము చేసిన రెండు పొరపాట్లు కూడా దాచకుండా చెప్పాలి. ఒకటి, తెలిసినవారు ఇచ్చిన పొడిని వాడికి తెలియకుండా కూరలో కలిపి పెట్టడం. అలా రహస్యంగా అమ్మే పొడుల్లో డైసల్ఫిరామ్ కలిసి ఉండే ప్రమాదం ఉందని తరువాత కేంద్రంలో చెప్పారు. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోయి మనిషి చనిపోయే ప్రమాదం కూడా ఉంది. చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాక, మనిషికి అంతా వివరించి, అతని అంగీకారంతోనే దాన్ని మొదలుపెట్టాలి. ఆపిన తరువాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చు. రెండో పొరపాటు, అప్పు చేసి ఒక ప్రైవేటు కేంద్రంలో వేయడం. అక్కడ మూడు నెలల పాటు మమ్మల్ని చూడనివ్వలేదు; ఇంటికి వచ్చాక రాత్రిళ్లు తలుపు గడియ చప్పుడైతే ఉలిక్కిపడి లేచేవాడు; మూడో రోజే మళ్లీ తాగాడు. మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయనీ, వాటికి చికిత్స చేసే కేంద్రం ఆ చట్టం కింద నమోదై ఉండాలనీ, చేరినవారిని కొట్టడం, గొలుసులతో కట్టడం నేరమనీ అప్పటికి మాకు తెలియదు. డబ్బు కట్టే ముందు నమోదు పత్రం చూపించమని అడిగే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది.

ఇక ప్రభుత్వ కేంద్రం సంగతి. ఉదయం ఓపీ చీటీ రాయించుకుని మానసిక వైద్య విభాగానికి వెళ్లాము. డాక్టరమ్మ మమ్మల్ని బయట కూర్చోబెట్టి ముందు వాడితోనే మాట్లాడారు. "నువ్వు ఉండాలనుకుంటేనే ఉండు, మీ అక్క కోసం ఉండొద్దు" అన్నారట. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రాన్ని తెలుగులో చదివి జవాబులు రాసుకున్నారు. దానికి మొత్తం 40 మార్కులు. 8 చేరితే తాగుడు హాని చేసే స్థాయిలో ఉన్నట్టు, 20 చేరితే మద్యానికి బానిసై ఉండే అవకాశం ఉన్నట్టు లెక్క. మావాడికి 29 వచ్చాయి. ఇరవై ఏళ్లుగా మార్కులు వేస్తున్న నాకు ఆ అంకె చూశాక గానీ ఇది తిట్టి సరిచేసే విషయం కాదని మనసుకు పట్టలేదు. కాలేయ పరీక్షలు, రక్త పరీక్షలు అక్కడే చేశారు. మందులకు గానీ, పడకకు గానీ, భోజనానికి గానీ మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

వార్డులో మొదటి నాలుగు రోజుల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అక్కడి మనుషుల పనితనం నేను చూసింది ఆ రోజుల్లోనే. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు కొన్ని గంటలకొకసారి వచ్చి వాడి చేతులు రెండూ ముందుకు చాపించి, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచేవారు. వణుకు కంటికి ఆనకపోయినా ఆ కాగితం అంచు అదిరేది. ఆ అదురునూ, చెమటనూ, నాడినీ చూసి కేసు షీటులో రాసి, దానికి తగ్గట్టు, తాగుడు ఆపినప్పుడు వచ్చే బాధను అణిచే క్లోర్‌డయజెపాక్సైడ్ మాత్రల మోతాదు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించేవారు. రెండో రోజు ఎక్కువ ఇచ్చి, ఆ తరువాత రోజురోజుకూ తగ్గించుకుంటూ వచ్చారు. సెలైన్ సీసా వేలాడదీసే ముందు ప్రతిసారీ థయమిన్ సూది వేసేవారు. ఎందుకని అడిగితే విసుక్కోకుండా చెప్పారు: ఏళ్ల తరబడి తాగినవారి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా ముందే గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు తిరిగిరాని నష్టం జరిగే ప్రమాదం ఉంది. మా ఊళ్లో నీరసంగా ఉన్న తాగుబోతుకు ఆర్‌ఎంపీ మొదట ఎక్కించేది గ్లూకోజు సీసానే కాబట్టి ఈ ఒక్క విషయం ఊరూరా తెలియవలసి ఉంది.

మూడో రాత్రి వాడికి మతి తప్పింది. మంచం మీద లేచి కూర్చుని దుప్పటి అంచును వేళ్లతో లాగుతూ, ముడివేస్తూ, మళ్లీ లాగుతూ ఉన్నాడు. ఏం చేస్తున్నాడో నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. బ్యారన్‌లోకి ఎక్కించే ముందు కర్రకు ఆకు కడతారే, ఆ పని చేస్తున్నాడు. "అక్కా, ఇంకో కర్ర అందియ్యి, పొద్దుబోతా ఉండాది" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. సిస్టరు మాత్రం గది లైటు వేయించి, మంచం పక్కన కూర్చుని, భుజం మీద చేయి వేసి, "నాయనా, ఇది ఆసుపత్రి. ఇయాళ గురువారం. మీ అక్క ఇక్కడే ఉండాది. ఆకు పని రేపు చూద్దాంలే" అని అదే మాట ఆ రాత్రి ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. కట్టేయలేదు, అరవలేదు. డాక్టరును పిలిపించి సూది వేయించి తెల్లవారేదాకా గమనిస్తూనే ఉన్నారు. తాగుడు ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వచ్చే ఈ స్థితిని ఇంట్లో పెట్టుకుని ఉంటే దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించేవాళ్లం. ఐదో రోజు మధ్యాహ్నం వాడు నన్ను చూసి, "ఎప్పుడొచ్చావక్కా, అన్నం తిన్నావా" అని అడిగాడు.

కౌన్సెలింగ్ అంటే నీతులు చెబుతారని అనుకున్నాను. ఆ కౌన్సెలరు వాడికి ఒక నోటు పుస్తకం ఇచ్చి ఎంత తాగావని అడగకుండా, ఏ వేళప్పుడు, ఎవరితో, ఎక్కడ, ఏ పని ముందు, ఏ పని తరువాత తాగావో గుర్తున్నంత మేరకు రాయమన్నారు. చదువు మధ్యలో మానేసినవాడు, వంకర అక్షరాలతో నాలుగు పేజీలు రాశాడు. బ్యారన్ రాత్రులు, వేలంలో బేళ్లు అమ్ముడుపోయిన రోజులు, తిరునాళ్లు, చావు ఇళ్లు అని తేలింది. ఒక్కొక్కదానికీ అప్పుడేం చేస్తావని అడిగి వాడి చేతనే జవాబు రాయించారు. మా మరదలిని వేరుగా కూర్చోబెట్టి, "మీకు నిద్ర పడుతోందా అమ్మా" అని అడిగారట. పన్నెండేళ్ల కాపురంలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బయటికి వచ్చి, "వదినా, ఆ సారు నన్నడిగాడు" అని మాత్రం అని చాలాసేపు మాట్లాడలేదు.

ఈ పది రోజులకు నేను నిండు మార్కులు వేస్తాను. లోపాలు లేవని కాదు: మరుగుదొడ్ల తలుపులకు గడియలు లేవు, సహాయకులు పడుకోవడానికి నేలే గతి, వార్డులో ఆడవాళ్లకంటూ వేరే పడకలు లేవు. ఈ చివరిది చిన్న లోపం కాదు. తాగుడు ఆడవాళ్లకూ ఉంది, ముఖ్యంగా కూలి పనుల్లో నలిగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్లకు ఉంది. వారు గుట్టు కోసం ఇంటి మూలనే ఉండిపోతున్నారు.

అసలు కష్టం డిశ్చార్జి రోజు మొదలైంది. పదిహేను రోజుల మాత్రలు, ఒక ఫాలోఅప్ చీటీ చేతిలో పెట్టి పంపారు. వాడికి రాసింది అకాంప్రొసేట్, 333 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు. తాగాలనే తహతహను తగ్గించే మందు అది. పొలంలో పనిచేసే మనిషికి మధ్యాహ్నపు మాత్రలు మరచిపోవడం ఎంత తేలికో మందు రాసేవారు ఆలోచించాలి. మా మరదలు సద్ది డబ్బా మూతకు లోపలి వైపు మాత్రలు అంటించి పంపడం మొదలుపెట్టాక గానీ ఆ పూట తప్పకుండా పడలేదు. ఏప్రిల్ వరకు కేంద్రంలోనే మాత్రలు ఇచ్చారు. ఆ తరువాత ఒకసారి వెళితే సరఫరా రాలేదన్నారు, రెండోసారి సగం ఇచ్చారు, మూడోసారి బయట కొనుక్కోమని చీటీ రాశారు. ఏడాదిలో మొత్తం నాలుగుసార్లు ఉత్తచేతులతో వచ్చాము. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో దొరుకుతున్నాయి. ఈ మాత్రలను కూడా జిల్లాలోని ఒక్క గదిలో దాచకుండా కనీసం మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా ఎందుకు పంపరని నేను అక్కడ లిఖితపూర్వకంగా అడిగాను. సమాధానం ఇంకా రాలేదు.

దూరం సంగతి కూడా ఇందులోదే. మా ఊరి నుంచి ఆ కేంద్రానికి వెళ్లడానికి రెండు బస్సులు మారాలి. ఓపీ మధ్యాహ్నానికి ముగుస్తుంది, కాబట్టి మొదటి బస్సు తప్పితే ఆ రోజు తప్పినట్టే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మా మరదలికి బస్సు చార్జీ తప్పింది. వైద్యం అవసరమైన మనిషికి చార్జీ తప్పలేదు, ఆ రోజు పనీ పోతుంది. మరోవైపు, 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానంలో 180 మిల్లీలీటర్ల చౌక రకం సీసా 99 రూపాయలకే అమ్మడం మొదలుపెట్టారు. బెల్టు షాపు మా బడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. తాగడానికి ఐదు నిమిషాలు, మానడానికి ఒక రోజు పడుతున్న చోట, మనిషికి పట్టుదల లేదని నిందించడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2019లో వెలువడిన జాతీయ సర్వే, ఢిల్లీ ఎయిమ్స్‌లోని వ్యసన చికిత్సా కేంద్రం ఆధ్వర్యంలో జరిగినది, దేశంలో 5.7 కోట్ల మందికి మద్యం సమస్యకు సాయం అవసరమని తేల్చింది. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందింది ప్రతి 38 మందిలో ఒక్కరికే. ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరే. ఆ 180 మందిలో ఒక్కడుగా మా తమ్ముడు లోపలికి వెళ్లి రాగలిగాడంటే మాకు జీతం వచ్చే ఇల్లు ఒకటి ఉండడమే కారణం.

మే నెలలో వాడు మళ్లీ తాగాడు. నోటు పుస్తకంలో వాడే రాసుకున్న రెండో సందర్భం, వేలం రోజు. బేళ్లకు అనుకున్నదానికన్నా తక్కువ ధర పలికింది. తోటి రైతులు ఓదార్చడానికి తీసుకెళ్లారు. మూడు రోజులు ఇంటికి సరిగా రాలేదు. నేను ఆ కోపంలో, ఇక మన వల్ల కాదు, వదిలేద్దాం అన్నాను. మా మరదలు నాకు చెప్పకుండా కౌన్సెలరుకు ఫోను చేసింది. ఆయన తన సొంత ఫోను నంబరే డిశ్చార్జి రోజున చీటీ వెనక రాసి ఇచ్చారు. "తిట్టొద్దు, తనంతట తాను ఉన్నపళంగా ఆపొద్దని చెప్పండి, రేపు పొద్దున్నే తీసుకురండి" అన్నారట. తీసుకెళ్లాము. మూడు రోజులు ఉంచుకుని పంపారు. ఈసారి కౌన్సెలరు పుస్తకంలో పాత జవాబు కొట్టేయించి, వేలం రోజున మరదలు కూడా వెంట వెళ్లాలనీ, అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి భోజనానికి రావాలనీ రాయించారు. ఆ తరువాతి మూడు వేలాలకూ ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. చేపల పులుసు వండి పెట్టాను.

ఆ తరువాత ప్రతి శనివారం సాయంత్రం ఆయన ఫోను చేసేవారు. రెండు నిమిషాలు, ఒక్కోసారి నిమిషమే. "ఎట్టుండావబ్బయ్యా, మాత్రలు ఉండాయా" అని అడిగేవారు. ఈ ఏడాదిలో మా తమ్ముణ్ని నిలబెట్టింది అన్నిటికన్నా ఆ ఫోనే అని నా అభిప్రాయం. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేదీ అదే. ఆ పని ఎవరి డ్యూటీ చార్టులోనూ లేదు. అక్టోబరులో ఆయనకు వేరే చోటికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారికి మావాడి పేరు కూడా అప్పగించబడలేదు. రెండు శనివారాలు ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు వాడు. మూడో శనివారం రాత్రి నిద్ర పట్టక, కాళ్లూ చేతులూ ఆడక, తాగితే బాగుండునని నాకే చెప్పాడు. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీమానస్ నంబరు 14416కు చేశాము. రాత్రి పదకొండు దాటింది. తెలుగులోనే మాట్లాడారు, దాదాపు అరగంట విన్నారు. మత్తు సమస్యలకే ప్రత్యేకంగా 14446 అనే జాతీయ నంబరు కూడా ఉంది. ఈ రెండూ ఉచితం, పేరు చెప్పనక్కర లేదు. కానీ బ్యారన్ గురించీ, మే నెల గురించీ, పుస్తకంలోని జవాబుల గురించీ మళ్లీ మొదటి నుంచీ చెప్పుకోవలసి వస్తుంది. కేంద్రం నుంచి డిశ్చార్జి అయిన ప్రతి మనిషికీ వారానికొక ఫోను చేసే బాధ్యతను ఒక ఉద్యోగి పనిగా రాసి, అతను మారితే తరువాతివారికి పేర్ల జాబితా అప్పగించే పద్ధతి పెట్టడానికి పెద్ద ఖర్చు ఉంటుందని నేను అనుకోను.

నివారణ కార్యక్రమాల గురించి ఉపాధ్యాయురాలిగా నాకు దగ్గరగా తెలుసు. ఏటా జూన్ 26న మాదకద్రవ్య వ్యతిరేక దినం నాడు మా బడిలో ర్యాలీ తీస్తాము, ప్రతిజ్ఞ చేయిస్తాము, వక్తృత్వ పోటీ పెడతాము. 2024 నవంబరులో రాష్ట్రంలో మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ పోలీసు విభాగం ఏర్పడింది, ఫిర్యాదులకు 1972 నంబరు వచ్చింది, ఆ తరువాత విద్యాసంస్థల్లో ఈగల్ క్లబ్బులూ వచ్చాయి. గంజాయి అమ్మేవారి మీద నిఘాకు ఇది అవసరమే. అయితే నిరుటి సభ ముగిశాక ఏడో తరగతి అమ్మాయి ఒకతె స్టాఫు రూము గుమ్మం దగ్గర నిలబడి, "టీచర్, మా నాయన తాగొచ్చినప్పుడు మేమేం జెయ్యాల?" అని అడిగింది. మాకు పంచిన కరపత్రంలో పుర్రె బొమ్మ ఉంది, ఊపిరితిత్తుల బొమ్మ ఉంది, ఆ పిల్లకు జవాబు లేదు. ఆ పిల్లకు పిల్లల సహాయ నంబరు 1098 రాసిచ్చి, పక్కింట్లో తలుపు తట్టగలిగిన మనిషి ఎవరున్నారో అడిగి తెలుసుకున్నాను. నాకు తోచింది అంతే. ఆ మరునాడు వాళ్లమ్మను పిలిపించి కేంద్రం సంగతి చెప్పాను. తాగే తండ్రుల పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. నివారణ అనేది వాళ్లతో మాట్లాడడంతో మొదలుకావాలి.

గంజాయి విషయంలో తల్లిదండ్రుల భయం వేరు. ఆసుపత్రికి తీసుకెళితే పోలీసులకు చెబుతారని కొడుకు సంగతి దాచే ఇళ్లు నాకు తెలుసు. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, కేవలం వాడిన నేరమో, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరమో మోపబడిన వ్యసనపరుడు తానే ముందుకు వచ్చి ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సను పూర్తి చేస్తే ఆ నేరం మీద విచారణ నుంచి రక్షణ ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని మా కేంద్రం గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించమని కోరాను. రాయించారు. అందుకు వారికి కృతజ్ఞురాలిని.

మా జిల్లాలో ఈ మాటలు రాస్తూ దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమాన్ని తలచుకోకుండా ఉండలేను. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు 1992లో సారా అంగళ్లను మూయించారు, వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో పోయింది. మా అమ్మ ఆ ఊరేగింపుల్లో నడిచింది. సారా ప్యాకెట్లు ఆగిన వారంలో మా నాయనకు వణుకు వచ్చి, కళ్ల ముందు ఏవో పాకుతున్నాయని కేకలు వేశాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆయనకు ఏమైందో అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు, తీసుకెళ్లడానికి ఇలాంటి వార్డూ లేదు. మూడో రాత్రి మా తమ్ముడు దుప్పటికి ముడులు వేస్తుంటే అమ్మ నా పక్కనే ఉండి, "మీ నాయనా ఇట్నే జేశాడే" అంది.

వెళ్లాలనుకునేవారికి ఉపయోగపడే మాటలు కొన్ని. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు తీసుకెళ్లండి. ఓపీ రద్దీకి ముందే చేరుకోండి. వార్డులో పది రోజులు తోడు ఉండగలిగిన మనిషిని ముందే చూసుకోండి. రోజూ తాగే మనిషిని చేర్పించడానికి ముందు రోజు బలవంతంగా మాన్పించి తీసుకెళ్లకండి. డిశ్చార్జి అప్పుడు, మాత్రలు దొరకని పక్షంలో ఏం చేయాలో, ఎవరికి ఫోను చేయాలో అక్కడే అడిగి రాయించుకోండి. మళ్లీ తాగితే సిగ్గుపడి మానేయకుండా మళ్లీ వెళ్లండి. మేము వెళ్లినప్పుడు అక్కడ ఒక్కరూ మమ్మల్ని చిన్నచూపు చూడలేదు.

మే తరువాత ఇప్పటిదాకా మావాడు తాగలేదు. ఈ ఏడాది బ్యారన్ రాత్రులకు మా మరదలు వెంట కూర్చుంటోంది, పెద్ద ఫ్లాస్కు నిండా టీ పెట్టుకుని. పోయిన వారం ఫాలోఅప్‌కు వెళ్లినప్పుడు చీటీ వెనక తేదీలు వేసే గళ్లన్నీ నిండిపోయి ఉన్నాయి. సిస్టరు, ఆ మూడో రాత్రి వాడి పక్కన కూర్చున్న ఆమే, పాత చీటీ వెనక ఇంకొకటి జోడించి పిన్ను కొట్టి, దాని మీద మొదటి గడిలో ఫిబ్రవరి తేదీ వేసి ఇచ్చారు. అకాంప్రొసేట్ ఆ రోజు ఉంది. నెలకు సరిపడా ఇచ్చారు.